బల్ల కింద ఆరిన జిగురు

బకెట్లోంచి చొక్కా తీసి పిండబోతున్న సావిత్రి చేతుల్ని శకుంతల గట్టిగా పట్టుకుంది.

"పిండకండి. అలాగే ఉంచండి."

రేపల్లెలో ఆ ఇంటి పెరట్లో అప్పుడు టైము పదకొండూ ఇరవై. సావిత్రి భర్త శేషగిరిరావు పోయి అది మూడో రోజు. ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరుగా రిటైరైన మనిషి. ఆదివారం పొద్దున్న బాపట్లలో, రైసుమిల్లు యజమాని బసవేశ్వరరావు మేడ మీద, ఒక బొమ్మ రైల్వే డిపో బల్ల కింద శవమై దొరికాడు. తల వెనక దెబ్బ.

ఆ డిపోని చేత్తో కట్టింది తెనాలి పనివాడు లాజరు. సోమవారం సాయంత్రం నాలుగింటికి సీఐ పూర్ణచంద్రరావు అతన్ని అరెస్టు చేశాడు. ఈ రోజు మంగళవారం. నాలుగు కొట్టేలోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆ లోపల నేరం ఒప్పించి కాగితం రాయించడం సీఐ పంతం. పోలీసులు రాయించుకున్న ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. కానీ ఆ కాగితం ఒకటి ఫైల్లో పడితే, ఇంకో మనిషి కోసం ఎవరూ వెతకరు.

రాత్రి స్టేషనుకి క్యారియర్ పట్టుకెళ్ళిన లాజరు భార్య లిడియా, మొగుడి ఎడమచేతి వేళ్ళు రెండు వెనక్కి తిరిగి ఉండటం చూసింది. పొద్దున్నే ఏడింటికి తెనాలిలో శకుంతల ఇంటి మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు.

"కుడిచెయ్యి ఇవాళ మధ్యాహ్నం అన్నారండి," అని చెప్పింది. "మా ఇంటిల్లిపాదీ తినేది ఆ చేత్తోనే అండి."

వేలిముద్రల విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేసి, రెండేళ్ళ కిందట ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టిన శకుంతల, ఫీజు మాట ఎత్తకుండా కారు తీసింది.

"ఈ చొక్కా మీకెవరిచ్చారండీ?"

"ఆస్పత్రి వాళ్ళు. క్యారీబ్యాగులో పెట్టి ఇచ్చారు. పోలీసులు అక్కర్లేదన్నారంట."

"ఎందుకు తడిపారు?"

"కొత్త చొక్కా అండి. ఆదివారం ఆ డిపో ప్రారంభానికని కుట్టించుకున్నారు. రక్తం అయింది గదండీ, చుట్టాలు చూస్తే బావుండదని."

"పొడిగా ఉన్నప్పుడు ఈ తెల్లమచ్చలు ఉన్నాయా?"

"లేవండి. అక్కడక్కడ గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంది, అంతే. నీళ్ళలో ముంచగానే పాలు ఒలికినట్టు తేలింది. ఆస్పత్రిలో ఏదో మందు పూశారేమో అనుకున్నా."

శకుంతల చొక్కాని గచ్చు మీద పరిచింది. కుడి భుజం మీద గుండ్రటి తెల్లచుక్కలు, లెక్కపెడితే పదకొండు. కాలరు మీద రెండు. కుడిచేతి కఫ్ మీద మాత్రం చుక్క కాదు, వెడల్పాటి చార. పడ్డది కాదు. తుడిచింది.

"నొప్పి తెలీకుండా పోయారంట గదండీ?" సావిత్రి ఆమె మొహంలోకి చూసింది. "పడగానే ప్రాణం పోయిందని బసవేశ్వరరావు గారు ఫోన్లో చెప్పారు."

శకుంతల కఫ్ మీది చార వంక చూసింది. "చొక్కా నేను పట్టుకెళ్తున్నానండి," అంది.

సావిత్రి నెమ్మదిగా బకెట్ ఒంపేసి, అక్కడే కూలబడింది.

* * *

ఒంటిగంటా పదికి శకుంతల బాపట్లలో బసవేశ్వరరావు మేడ మెట్లెక్కింది. డిపో చూస్తామని ఎవరొచ్చినా ఆయన కాదనలేడని లిడియా ముందే చెప్పింది. ఆయన కాదనలేదు. అరవై ఏళ్ళుంటాయి, తెల్ల లుంగీ, ఒట్టి కాళ్ళు. ఆ గదిలోకి చెప్పులతో ఎవరూ రాకూడదు.

"చెయ్యి పెట్టకుండా చూడమ్మా," అన్నాడు.

పద్నాలుగు అడుగుల బల్ల. చుట్టూ దాదాపు నేలదాకా నల్ల తెర. బల్ల మీద ఆవిరి ఇంజన్ల కాలపు లోకోషెడ్డు, శేషగిరిరావు గుర్తుతెచ్చుకుని చెబుతుంటే లాజరు కట్టింది. షెడ్డు గోడలు పాత శుభలేఖల అట్ట. కప్పు రేకులు బిస్కెట్ డబ్బాలో వచ్చే ముడతల కాగితం. బొగ్గు దిబ్బ నిజం బొగ్గే, నూరి పోసింది. ఇంజన్ల బూడిద దులిపే గుంటలో మిల్లు ఊక బూడిద. చెట్లన్నీ ఎండిన తులసి వెన్నులు. షెడ్డు నుదుటి మీద వడ్లగింజంత బోర్డు, దాని మీద మూడు భాషల్లో పేరు.

"ఇది లాజరు రాసిందేనా అండీ?"

"వాడి కుడిచెయ్యి బంగారం. బుద్ధే గడ్డి తింది."

"ఆదివారం పొద్దున్న మీరేం చేశారు?"

"అయిదింటికి లేచాను. డ్రైవరు గారు శనివారం రాత్రి ఇక్కడే పడుకున్నారు, నాకన్నా ముందే లేచి ఈ గదిలోకొచ్చారు. ఆరింటికి నేను వాకింగుకెళ్ళాను. ఎనిమిదిన్నరకి తిరిగొచ్చాను. ఎనిమిదీ నలభైకి తెర కింద ఆయన పాదం కనబడింది. నలభై రెండుకి అంబులెన్సుకి ఫోన్ చేశాను."

"రెండున్నర గంటల వాకింగా?"

"సుగరు."

"దారిలో ఎవరన్నా పలకరించారా?"

"చాలామంది."

"ఒక్క పేరు చెప్పండి."

"నేను మొహాలు చూస్తూ నడవనమ్మా."

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. పూర్ణచంద్రరావు బూట్లతోనే లోపలికొచ్చాడు. బసవేశ్వరరావు ఆ బూట్ల వంక చూశాడు గాని, తీసెయ్యమనలేదు.

"ఏంటి శకుంతల గారూ, పెన్షన్ చాలట్లేదా?" అన్నాడు సీఐ.

"చాలుతోందండి. పోయినేడు ఆ ఆటో అతని పక్కటెముకలకి మీకు మెమో ఇచ్చారు, అది ఇంకా ఫైల్లోనే ఉందా?"

"ఉంది. రెండోది వస్తే ఈ యూనిఫాం ఊడుతుంది. అందుకే రాకుండా చూసుకుంటాను."

"లాజరు ఎలా ఉన్నాడు?"

"బాత్రూంలో జారిపడ్డాడు."

"రెండు వేళ్ళ మీదేనా?"

"తడి నేల గదండీ. మళ్ళీ ఎక్కడ పడతాడోనని మాకూ దిగులుగానే ఉంది." సీఐ వాచీ చూసుకున్నాడు. "ఒకటీ ముప్పై. మా హెడ్ కానిస్టేబుల్ భోంచేసి రెండింటికి వస్తాడు. మీకేవన్నా చెప్పాలనుంటే ఆ లోపల చెప్పండి."

"మీ లెక్క మీరు చెప్పండి ముందు."

"తేలికే. డాక్టరు లెక్కన దెబ్బ తగిలింది ఆరింటికి అటూ ఇటూ. ప్రాణం పోయింది ఎనిమిదింటికి. లాజరు తెనాలి నుంచి తెల్లవారు రైలుకొచ్చాడు, ముందురోజు ఆయనతో పడ్డ గొడవ మనసులో పెట్టుకుని స్టూలు మీదున్న ముసలాయన్ని వెనకనించి కొట్టాడు. ఆయన డిపో మీద పడి, బల్ల కిందికి జారాడు. ఇదిగో, ఈ జానెడు మేర పట్టాలు ఊడి, కంకర చెదిరింది. తెలియకుండా ఉండాలని మళ్ళీ అతికించి పోయాడు. తొమ్మిదీ పదికి మా కానిస్టేబుల్ ఫోటో తీస్తే జిగురు ఇంకా తెల్లగా, తడిగా ఉంది. ఈ పని చేతనైనవాడు ఈ జిల్లాలో వాడొక్కడే."

శకుంతల వంగి, భూతద్దం పెట్టి ఆ జానెడు మేర చూసింది. నిదానంగా లేచి నిలబడింది.

"చెత్త పని," అంది.

బసవేశ్వరరావు తలెత్తాడు.

"లాజరు ఇలా చేశాడంటే నేను నమ్మను. చిన్నపిల్లలు ఇసకలో ఆడి పోయినట్టుంది. ప్రారంభానికని చెన్నై నుంచి పదకొండింటికి వచ్చేవాళ్ళకి ఇది చూపించి ఉంటే మీ వెనక నవ్వుకునేవాళ్ళు."

"నవ్వేంత ఏముందమ్మా ఇందులో?"

"కంకర ఒకచోట కుప్ప, ఒకచోట బోడి. పట్టాల అంచున జిగురు కారింది. నీళ్ళ పులుసు."

"డబ్బా అడుగున జిగురు అంతే ఉంది మరి. నీళ్ళు కలపక ఏం చేస్తారు?" ఆయన గొంతు పెరిగింది. "రెండు గంటల్లో అంతకన్నా బాగా ఎవడు చేస్తాడో రమ్మనండి."

సీఐ ఫోను చూడటం ఆపాడు.

"జిగురు ఎంత మిగిలిందో లాజరు మీకు చెప్పి మరీ అతికించాడా అండీ?" అడిగింది శకుంతల.

"ఖాళీ డబ్బా తర్వాత చూశాను."

"ఇంట్లో మనిషి, చూడడా?" అన్నాడు సీఐ. కానీ ఆ మాట అంటూ బసవేశ్వరరావు వైపు కాకుండా బల్ల వైపు చూశాడు. "ఇదేనా మీ సాక్ష్యం?"

"కాదు. ఒకసారి రైలు నడపండి."

బసవేశ్వరరావు తటపటాయించాడు. కాని తన ఇంజను నడపమంటే వద్దనడం ఆయన వల్ల కాలేదు. అరచేతంత నల్ల ఇంజను షెడ్డులోంచి కదిలి, ఇంజన్లని తిప్పే టర్న్‌టేబుల్ దాటి, అతికించిన ముక్క మీదుగా ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో గురక మొదలైంది. మూడో చుట్టులో సరిగ్గా అక్కడే ఆగి, ఆగినచోటే మూలిగింది.

శకుంతల దాన్ని తీసి వెల్లకిలా తిప్పింది. చక్రాల మధ్య, మోటారు కింద, నల్లటి నూగు పట్టుకుని ఉంది.

"ఇక్కడ కంకరగా పోసేది సముద్రం ఒడ్డు ఇసకండి. అందులో ఇనప రేణువులుంటాయి. మోటార్లో అయస్కాంతం వాటిని లాగేస్తుంది. లాజరు ఇసకని ఇక్కడ జల్లెడ పట్టి, ఇంటికి పట్టుకెళ్ళి మూడుసార్లు అయస్కాంతం తిప్పి, శుభ్రమైంది సీసాలో పోసి తెస్తాడు. ఆ సీసా ఎప్పుడూ అతని సంచిలోనే ఉంటుంది. మీరు స్వాధీనం చేసుకున్న వస్తువుల్లో నాలుగోది అదే, సీఐ గారూ." జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి డిపోలో పాత కంకర మీద నడిపింది. ఏమీ అంటలేదు. అతికించిన ముక్క మీద నడిపింది. మీసం మొలిచినట్టు నల్లగా అంటుకుంది. "ఇది జల్లెడ పట్టి వరండాలో బకెట్లో ఉంచిన ఇసక. అయస్కాంతం తిప్పే సంగతి లాజరుకీ లిడియాకీ తప్ప ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు. ఎందుకంటే అది తెనాలిలో జరిగే పని."

బసవేశ్వరరావు ఇంజను అందుకుని, లుంగీ కొసతో దాని పొట్ట తుడవసాగాడు.

"కంగారులో బకెట్లోది పోశాడు," అన్నాడు సీఐ.

"సంచిలో సీసా పెట్టుకుని?"

"అది లాయర్లు తేల్చుకుంటారు. వేరేవాడు చంపి ఉంటే పారిపోతాడు గాని, కూర్చుని పట్టాలెందుకు అతికిస్తాడు?"

"ఎవరూ చంపలేదు కాబట్టి."

శకుంతల తన సంచి గుమ్మం పక్క కుర్చీలో పెట్టి, అందులోంచి తడిచొక్కా సగం పైకి లాగి చూపించింది.

"ఫెవికాల్ ఆరితే అద్దంలా అయిపోతుంది, కంటికి ఆనదు. తడిపితే మళ్ళీ తెల్లబడుతుంది. నీళ్ళెక్కువైన జిగురు, ఆ ముక్క పక్కన బల్ల పలకకున్న కన్నంలోంచి కిందికి కారింది. వైరు కోసం పెట్టిన కన్నం అది. లాజరైతే దూది కుక్కి గాని జిగురు పొయ్యడు. ఆ చుక్కలు కింద పడున్న మనిషి భుజం మీద పడ్డాయి, మొహం మీద పడ్డాయి. ఆయన కఫ్‌తో మొహం తుడుచుకున్నాడు. చచ్చిపోయినవాడు మొహం తుడుచుకోడు, సీఐ గారూ."

పూర్ణచంద్రరావు చొక్కా దగ్గరికి రాలేదు. "చొక్కా మీ చేతిలో ఉంది. రేపల్లెలో ఎవరు ఏం పూశారో నాకేం తెలుసు?"

"అందుకే మీ ఎదురుగా చూద్దాం."

పనిబల్ల మీద నీళ్ళు చల్లే సీసా ఉంది. కంకర మీద జిగురు వేసే ముందు మంచులా చల్లడానికి వాడేది. అది ఒక చేత్తో, టార్చి ఇంకో చేత్తో పట్టుకుని, శకుంతల నల్ల తెర ఎత్తి బల్ల కిందికి పాకింది. నేల మీద పోలీసులు గీసిన సుద్దగీత చెరిగిపోతూ ఉంది. ఆ గీతలోనే వెల్లకిలా పడుకుంది. శేషగిరిరావు ఆఖరి రెండు గంటలు చూసినదేదో తనకీ అప్పుడు కనబడింది. మూరెడు ఎత్తున ప్లైవుడ్, వైర్లు, ఒక కన్నం.

కన్నం చుట్టూ నీళ్ళు చల్లింది.

మొదట ఒక తెల్లటి ధార తేలింది. దాని పక్కన నాలుగు కోడిగుడ్డు ఆకారాలు, ఒక వరసలో. తర్వాత ఇంకో నాలుగు. తర్వాత రెండే. మొదటి వరసలో చర్మం గీతలు అచ్చు వేసినట్టున్నాయి. రెండో వరసలో కాస్త చెదిరాయి. మూడోచోట వేళ్ళు నిలవలేక కిందికి జారిన జాడ.

ముప్పై ఏళ్ళలో ఆమె చూసిన వేలిముద్రలు లక్ష దాటి ఉంటాయి. ఇలా కిందినుంచి తట్టినవి ఒక్కటీ లేవు.

"వంగి చూడండి," అంది.

సీఐ తెర ఎత్తాడు. టార్చి వెలుతురులో అతని కళ్ళు ఆ ముద్రల మీద చాలాసేపు ఆగాయి. తెర వదిలేశాడు.

ఇప్పుడు ఆమెకి కనబడేది తెర అడుగున రెండంగుళాల సందు. అందులో ఒక జత బూట్లు, ఒక జత ఒట్టి పాదాలు.

"బసవేశ్వరరావు గారూ," కిందినుంచే అడిగింది శకుంతల. "ఆయన పలక తట్టారు గదా?"

ఒట్టి పాదాలు కదల్లేదు.

"రెండుసార్లు," అన్నాడాయన. గొంతులో దాచుకోవడం లేదు, అలసట ఉంది. "ఆయనే జారిపడ్డాడమ్మా. స్టూలు తిరగబడింది. నేను వాకింగుకి బయల్దేరుతుంటే చప్పుడైంది. వచ్చి చూస్తే టర్న్‌టేబుల్ పక్కన పట్టాలు ఊడి ఉన్నాయి. నాలుగేళ్ళ పని. పదకొండింటికి జనం వస్తున్నారు. అంబులెన్సు అంటే పదిమంది మేడెక్కుతారు, బల్ల జరుపుతారు. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాడు. చిన్న దెబ్బ, కాసేపు పడుకుంటే లేస్తాడనుకున్నాను."

"తట్టినప్పుడు మీరేమన్నారు?"

"ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి డ్రైవరు గారూ అన్నాను. జిగురు పట్టేదాకా పలక కదలకూడదు గదమ్మా."

శకుంతల నీళ్ళ సీసా పక్కన పెట్టింది. "టైమెంత సీఐ గారూ?"

"ఒకటీ యాభై రెండు."

"ఫోన్ చెయ్యండి. లాజరు మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పండి. స్పీకర్లో పెట్టండి, నేను వినాలి."

బూట్లు ఒకసారి అటూ ఇటూ మసలాయి. మూడు రింగులు మోగాక అవతల హెడ్డు ఎత్తాడు. నోట్లో ఏదో నములుతున్నాడు.

"సార్, నేనే చేద్దామనుకుంటున్నా. అయిపోయింది సార్."

"ఏంటి అయిపోయింది?"

"పని ముగించేసి భోజనానికి కూర్చుందామని పన్నెండున్నరకే మొదలెట్టాం సార్. ఒప్పుకున్నాడు. కాగితం రెడీ. సంతకం పెట్టలేకపోయాడు, వేలిముద్ర వేయించాం."

"సంతకం ఎందుకు పెట్టలేడు? చదువుకున్నోడు గదా వాడు."

"వేళ్ళు పెన్ను పట్టట్లేదు సార్." నమలడం ఆగింది. "ఎడమచేతి బొటనవేలు వేయించాం సార్. కుడిచేతిలో వేయించడానికి ఏం మిగల్లేదు."

ఫోను ఆగిపోయింది. ఎవరు ఆపారో శకుంతలకి కనబడలేదు.

వడ్లగింజ మీద మూడు భాషలు రాసిన చెయ్యి. ఆమె మెట్ల మీద కూర్చున్న లిడియాని తల్చుకోబోయి, మానేసింది. ఇంకో సంగతి అంతకన్నా వేగంగా తట్టింది. లాజరు హంతకుడైతే ఆ చెయ్యి బాత్రూంలో జారిన చెయ్యి. లాజరు నిర్దోషి అయితే ఆ చెయ్యి పూర్ణచంద్రరావుకి రెండో మెమో. అతన్ని నిర్దోషి చేసేవి ఈ గదిలోనే ఉన్నాయి. ఒకటి చొక్కా, కుర్చీలో ఉంది. రెండోది తన మొహానికి మూరెడు ఎత్తున, ఇంకా తడిగా. ముట్టుకుంటే చెదిరిపోయేంత తడిగా. ఫోటో తియ్యాల్సిన ఫోను కూడా ఆ సంచిలోనే ఉంది. ముందు పోలీసు కంటితో చూపించి, తర్వాత ఫోటో తియ్యడం ఆమె ముప్పై ఏళ్ళ అలవాటు.

"సీఐ గారూ, ఆ సంచి ఇలా అందిస్తారా?" వీలైనంత మామూలుగా అడిగింది.

బూట్లు కుర్చీ దగ్గరికెళ్ళాయి. సంచి జిప్పు పూర్తిగా తెరిచిన చప్పుడు. తర్వాత గుమ్మం దగ్గరికెళ్ళాయి. తలుపు మూసుకుంది. పై గడియ పడింది, ఆ వెంటనే కింది గడియ.

బూట్లు తిరిగొచ్చి, ఆమె తలకి అడుగు దూరంలో ఆగాయి. అవి ఆగగానే ఒట్టి పాదాలు కూడా జరిగి వాటి పక్కనే నిలబడ్డాయి.

"బసవేశ్వరరావు గారూ," అన్నాడు పూర్ణచంద్రరావు, ఎంతో మర్యాదగా. "ఒక పాతగుడ్డ తడిపి ఇలా ఇవ్వండి."